ఒంటిమీది పూలు వేరు, మండపం పూలు వేరు

ప్రశ్న: మాది కందుకూరు. నాన్నగారు లేరు. వచ్చే కార్తీకమాసంలో మా చెల్లెలి పెళ్ళి. ఊళ్ళోనే కల్యాణ మండపం మాట్లాడుకున్నాం. ముందురోజు సాయంత్రం రిసెప్షన్, తెల్లవారుజామున 4 గంటలు దాటాక ముహూర్తం. అమ్మకు ఇరవై ఏళ్ళుగా శుక్రవారం పూలు ఇచ్చే పూలంగడి ఆయన అన్నీ తానే చూసుకుంటానంటున్నాడు. మగపెళ్ళివారిది నెల్లూరు. వారు చెప్పిన డెకరేషన్ వాళ్ళు ఫోనులో ఆర్కిడ్ పూల మండపాలు చూపించి, అంగడి ఆయన చెప్పినదానికి దాదాపు రెట్టింపు అడుగుతున్నారు. అమ్మేమో దండలు, పూలజడ ఇంట్లో ఆడవాళ్ళమే కట్టుకుందామంటోంది. ఎవరిని ఎంచుకోవాలి? మోసపోకుండా ఏమేమి చూసుకోవాలి?
ఒక సోదరి, కందుకూరు

సమాధానం:

అమ్మా, మీ చిక్కంతా ఇద్దరిలో ఒక్కరినే ఎంచుకోవాలని అనుకోవడంతో మొదలైంది. పెళ్ళిలో పూల పని రెండు రకాలు. దండలు, పూలజడ, తలలో మాలలు, గౌరీపూజకు విడిపూలు, ఇలా వధూవరుల ఒంటిమీదికి, దేవుడి దగ్గరికి వచ్చేవన్నీ ఒక పని. వేదిక, ద్వారం, నడవ, కారు మరొక పని. మొదటిది చేతివేళ్ళ పని, ఏ మొగ్గ ఏ వేళకు విచ్చుతుందో తెలిసినవారి పని. రెండవది కొలతలు, నిచ్చెనలు, ఇనుప చట్రాలు, నలుగురైదుగురు కుర్రవాళ్ళు, రాత్రంతా మేలుకునే ఓపిక కావలసిన పని. రెండూ ఒకే తీరుగా చేయగలిగినవారు లేకపోలేదు గాని అరుదు. ఇరవై ఏళ్ళుగా మీ ఇంటికి పూలు ఇస్తున్న మనిషికి మొదటి పని నిశ్చింతగా అప్పగించండి. రెండవ పని నెల్లూరు వారికే ఇవ్వాలా, కావలిలోనో ఒంగోలులోనో దగ్గరగా ఉన్న మరొకరికి ఇవ్వాలా అన్నది, నేను కింద చెప్పబోయే ప్రశ్నలకు వారిచ్చే జవాబులను బట్టి తేల్చుకోండి.

మీరు చెప్పిన నెలను బట్టి ముందుగా ఒక సంగతి గుర్తు చేయాలి. నెల్లూరుకూ, ప్రకాశం జిల్లా దక్షిణ భాగానికీ పెద్దవానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. కార్తీకమాసం సరిగ్గా వాటి నడుమ వస్తుంది. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదకు కోవూరు దగ్గర జాతీయ రహదారి తెగింది, పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది. ఆ రోజుల్లో పెళ్ళి పెట్టుకున్నవారిలో పెన్నకు దక్షిణాన ఉన్నవారికి చెన్నై పూలు అందే దారి ఉన్నా, ఉత్తరాన ఉన్న మనకు ఆ దారి మూసుకుపోయింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కూడా కార్తీకమాసమే. మిమ్మల్ని భయపెట్టాలని ఇది చెప్పడం లేదు. మీ పెళ్ళి కందుకూరులో, మీరు చూస్తున్న డెకరేషన్ వాళ్ళు నెల్లూరులో, మధ్యలో పెన్న. అందుకే వారిని అడగవలసిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు. "వాన పట్టుకుంటే మీ మనుషులు, మీ పూలు ఏ దారిన, ఎన్ని గంటలకు మా ఊరు చేరతాయి?" అని అడగండి. ముందురోజు పొద్దున్నే సామానుతో వచ్చి దిగుతామని, పూలు దక్షిణం నుంచి రాకపోతే ఉత్తరాన గోదావరి జిల్లాల్లోని కడియం వైపు నుంచి తెప్పిస్తామని వెంటనే చెప్పగలిగినవారు పని తెలిసినవారు. "అవన్నీ మేం చూసుకుంటాం, మీరు నిశ్చింతగా ఉండండి" అని మాత్రమే అనేవారికి ఇంకా ఆ ఆలోచన రాలేదని అర్థం.

రెండవ ప్రశ్న, ఆ రాత్రి వారు ఇంకెన్ని పెళ్ళిళ్ళు ఒప్పుకున్నారన్నది. ఆషాఢ భాద్రపదాల ఖాళీ తర్వాత వచ్చే ముహూర్తాలు కాబట్టి, అందులోనూ మూఢం అడ్డొచ్చిన సంవత్సరాల్లో తేదీలు తక్కువగా మిగులుతాయి కాబట్టి, కార్తీకంలో ఒకే రాత్రి జిల్లా అంతటా పెళ్ళిళ్ళే. పేరున్నవారు మూడు నాలుగు పనులు ఒప్పుకుంటారు. అది తప్పని అనను, వారికీ ఏడాదిలో సంపాదన ఉండేది ఆ కొద్ది రోజులే. కాని మీ మండపంలో నిలబడి పని చేయించే మేస్త్రీ ఎవరు, అతను ముహూర్తం దాకా ఉంటాడా, లేక రిసెప్షన్‌కు అలంకరించి పక్క ఊరికి వెళ్ళిపోతాడా అన్నది పేరుతో సహా తెలుసుకోండి. రాత్రి 7 గంటలకు కళకళలాడిన వేదిక తెల్లవారుజామున 4 గంటలకు వాడి వేలాడుతుంటే, దాన్ని సరిచేసే మనిషి అక్కడ ఉండాలి. కల్యాణ మండపం వారిని కూడా ఒక మాట అడగండి. అంతకుముందు రోజు అక్కడ ఇంకొక పెళ్ళి ఉంటే హాలు మీ చేతికి ఎప్పుడు వస్తుందో, గోడలకూ స్తంభాలకూ మేకులు కొట్టనిస్తారో లేదో తెలుసుకుని డెకరేషన్ వాళ్ళకు చెప్పండి.

ఇక ఆర్కిడ్ల సంగతి. అవి దండగ అని మీ పూలంగడి ఆయన అని ఉంటే ఆ మాట సగమే నిజం. ఆర్కిడ్ కాడ నీటిలో ఉంటే రాత్రంతా చెక్కు చెదరదు. వేదిక మీది దీపాల వేడికి మన చామంతి కంటే బాగా ఓర్చుకుంటుంది. అయితే ఎక్కువభాగం విమానంలో వచ్చే సరుకు కావడంతో ఖరీదు, పైగా తేదీ తప్పితే మళ్ళీ దొరకదు. మగపెళ్ళివారి ముచ్చట కాదనకుండా, వధూవరులు కూర్చునే చోట, ఫోటోల్లో వారి వెనక కనిపించే నాలుగడుగుల మేర మాత్రం ఆర్కిడ్లు పెట్టించి, మిగిలినదంతా ఆ కాలంలో విరివిగా వచ్చే చామంతి, బంతి, లిల్లీలతో నింపమనండి. చామంతికి చలికాలమే కాలం. బంతి దసరా నుంచి సంక్రాంతి దాకా బండ్లకొద్దీ వస్తుంది. కార్తీక సోమవారాలు, పౌర్ణమి, అయ్యప్ప పూజలు కలిసే రోజుల్లో మాత్రం ఈ పూలకూ ధర పెరుగుతుంది కనుక, మీ తేదీ పౌర్ణమికి దగ్గరగా ఉంటే ఆ సంగతి కూడా ధర మాట్లాడేటప్పుడే తేల్చుకోండి. ఆర్కిడ్లు రాకపోతే వాటి బదులు ఏం పెడతారో, అప్పుడు ఎంత తగ్గిస్తారో కాగితం మీద రాయించండి. ఆ ఒక్క వాక్యం రాయడానికి వెనకాడేవారిని వదిలేయడమే మంచిది.

ఫోనులో చూపించే ఫోటోలను నమ్మవద్దని అనను గాని, వాటిలో కనబడనిది ఒత్తు. ఒక లెక్క చెబుతాను, కాగితం మీద వేసి చూసుకోండి. మీ వేదిక ముందువైపు 16 అడుగులు అనుకుందాం. ఆరంగుళాలకు ఒకటి చొప్పున సరాలు వేలాడదీస్తే 33 సరాలు, ఒక్కొక్కటి 4 అడుగులైతే మొత్తం 132 అడుగులు. మూర అంటే మోచేతి నుంచి నడివేలి కొన దాకా, సుమారు 18 అంగుళాలు కాబట్టి అది 88 మూరలు. అదే అడుగుకు ఒకటి చొప్పున వేలాడదీస్తే 17 సరాలు, సుమారు 45 మూరలతో సరిపోతుంది. దూరం నుంచి తీసిన ఫోటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. ధరలో, దగ్గరికి వచ్చి కూర్చునే బంధువుల కంటికి మాత్రం రెండూ వేర్వేరు. అందుచేత "ఈ ఫోటోలో ఉన్నట్టు" అని మాట తీసుకోకుండా, ఎన్ని అడుగుల వెడల్పు, సరానికీ సరానికీ ఎంత ఎడం, ఏ పువ్వు, నిజమైనదా గుడ్డపువ్వా అన్నవి రాయించండి. రెట్టింపు ధరకు కారణం ఈ లెక్కలోనే దొరకవచ్చు, దొరకకపోవచ్చు. దొరక్కపోతే తగ్గించమని అడిగే హక్కు మీకుంది. ప్లాస్టిక్ పూలు, గుడ్డపూలు ద్వారం దగ్గర పెట్టుకుంటే పెట్టుకోనివ్వండి, హోమగుండానికి దరిదాపుల్లో మాత్రం ఒక్కటి కూడా ఉండకూడదని గట్టిగా చెప్పండి.

పూలు తాజావో కావో చూడటం కష్టమేమీ కాదు. ముందురోజు రాత్రి వేరే పెళ్ళిలో వాడిన పూలే మరునాడు మీ వేదిక ఎక్కడం ఎక్కడా జరగదని నేను చెప్పలేను. గులాబీ మొగ్గను అడుగున, కాడ మొదలయ్యే చోట, రెండు వేళ్ళతో మెల్లగా నొక్కితే గట్టిగా ఉండాలి. మెత్తగా లొంగితే దానికి వయసైపోయింది. పై రేకులు వాడినప్పుడు వాటిని ఒలిచేసి కొత్త పువ్వులా చూపించడం ఉంది కనుక, మొగ్గ మరీ చిన్నగా, అడుగున ఊడిన రేకుల గుర్తులతో ఉంటే అనుమానించండి. చామంతిని తలకిందులుగా పట్టుకుని ఒకసారి విదిలించండి. రేకులు రాలితే వద్దు. లిల్లీ కాడకు అడుగు పూలు తెంపేసి పైన మొగ్గలు మాత్రమే మిగిలి ఉంటే, అది నిన్నటిదో మొన్నటిదో. పూలు వచ్చి దిగే వేళకు మీరో, మీ వారో అక్కడ ఉండి ఈ పని చేస్తే చాలు, ఆ తర్వాత ఎవరూ మిమ్మల్ని ఏమార్చే ప్రయత్నం చేయరు. దిగిన పూలను వంటశాల పక్కన, పండిన అరటిగెలల దగ్గర పెట్టనివ్వకండి. పండిన పండు నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పువ్వును తొందరగా ముదిరేలా చేస్తుంది, ఆర్కిడ్‌కూ కార్నేషన్‌కూ అది మరీ పడదు. పెళ్ళింట్లో అరటిగెలలు, పూలబుట్టలు ఒకే గదిలో పడేయడం మనకు అలవాటు, అందుకే చెబుతున్నాను.

రంగు పూల విషయంలో మా ఇంట్లో జరిగింది చెప్పకుండా ఉండలేను. మా పెద్దమ్మాయి పెళ్ళి ఒంగోలులో చేశాం. వేదిక రంగుకు సరిపోవాలని, అలంకరణ వాళ్ళే దండలు కూడా తెచ్చారు. లిల్లీ పూలను, అంటే మన అంగళ్ళలో లిల్లీ అని అమ్మే నేలసంపెంగలను, నీలం రంగులో ముంచి గుచ్చిన దండలు. ఉక్కపోత రాత్రి, హోమం వేడి, పైగా తాజాగా కనిపించాలని దండల మీద నీళ్ళు చల్లారు. మా అమ్మాయి మధుపర్కాల చీరలో ఉంది. మంగళసూత్రం కట్టాక దండలు మార్చుకున్నారు. కాసేపటికి దండ పక్కకు జరిపితే, తెల్లటి చీర మీద భుజం నుంచి గుండె దాకా నీలం చారిక తీగలా దిగి ఉంది. అరచేతితో తుడవబోతే ఇంకా పరుచుకుంది. అందరం చూశాం గాని ఎవరం పైకి ఏమీ అనలేదు, మా అమ్మాయే కొంగు అటు లాక్కుని కూర్చుంది. ఆ చీరను ఇప్పటికీ దాచాము, చారిక పోలేదు. అలంకరణ పని తెలిసినవారికి దండ పని అప్పగించడం నా పొరపాటు. మొదటి మాటగానే రెండు పనులు వేరు చేయమని మీకు చెప్పింది ఇందుకే. మీ వాళ్ళు నీలం, ఆకుపచ్చ, ముదురు ఊదా వంటి అసహజమైన రంగు పూలు చూపిస్తే, తడిపిన తెల్లగుడ్డతో ఒక నిమిషం అదిమి చూడండి. గుడ్డకు రంగు అంటితే అవి వేదిక పైన ఎక్కడో ఉండవచ్చు గాని మనిషి ఒంటిని తాకకూడదు. పెద్ద రేకుల విదేశీ లిల్లీలు పెడితే, వాటి నడుమ వేలాడే పుప్పొడి కాడలను తెంపించండి. ఆ పొడి పట్టుచీర మీద పడితే గోధుమరంగు మరక అవుతుంది. ఎప్పుడైనా పడితే నీళ్ళు తగలనివ్వకుండా, అంటుకునే టేపుతో పైపైన అద్ది తీయాలి.

ఇప్పుడు మీ పూలంగడి ఆయనకు అప్పగించే పని. మల్లె ఎండాకాలపు పువ్వు. కార్తీకంలో దొరికేది తక్కువ, దొరికినా ధర మండుతుంది. ఆ రోజుల్లో తెల్లపువ్వు అంటే కాగడాలే. అవి వాడిపోకుండా నిలుస్తాయి గాని వాసన తక్కువ. కాబట్టి మాలల్లో మరువం, దవనం కలిపి కట్టమనండి, కనకాంబరం జోడించమనండి. కనకాంబరానికి వాసన లేకపోయినా తొందరగా వాడదు, తేలిక, తలకు బరువుండదు. సన్నజాజి మాత్రం ముహూర్తానికి పెట్టుకోవద్దు, సాయంత్రం విచ్చిన జాజి తెల్లవారేసరికి రంగు మారుతుంది, దాన్ని రిసెప్షన్‌కు వాడుకోండి. అంతకంటే ముఖ్యమైనది, మీ పెళ్ళికి రెండు వేళలున్నాయి కనుక పూలు కూడా రెండు విడతలుగా రావాలి. సాయంత్రం 5 గంటలకు ఒక విడత. రాత్రి 1 గంటకు, తడిగుడ్డలో చుట్టి చల్లని పెట్టెలో దాచిన మొగ్గల మాలలు, దండలు, పూలజడ రెండవ విడత. అర్ధరాత్రి ఆ పెట్టె ఎవరు తెస్తారో, వారి ఫోను నంబరు ఏమిటో ముందే రాసుకోండి. ఒకే విడతలో అన్నీ తెచ్చి ప్లాస్టిక్ కవరులో కట్టి పెడతామంటే ఒప్పుకోకండి. తడి పువ్వు గాలాడని కవరులో తొందరగా నల్లబడుతుంది.

ఆయనను నమ్మమన్నాను గాని చూడవద్దని అనలేదు. పెళ్ళికి నెల ముందు రెండు మూరలు కట్టించి తెప్పించుకోండి. మాలను అరచేతి మీద పరిచి చూస్తే, పూల వరసల నడుమ నార కనిపించకూడదు. కొస పట్టుకుని వేలాడదీస్తే మాల సాగకూడదు. సాగితే ఎడంగా కట్టి మూర పెంచారన్నమాట. దారంతో కాకుండా తడిపిన అరటినారతో కట్టమనండి. దారం లేత కాడను కోసేస్తుంది, నార చెమ్మ పట్టి ఉంచుతుంది, మాల మెడకు గుచ్చుకోదు. దండల బరువు గురించి కూడా ఒక మాట. ఈమధ్య గజమాలల వంటి దండలు తెస్తున్నారు. అంత బరువు మెడలో వేసుకుని, చీర, నగలు, పూలజడతో రెండు గంటలు తలవంచి కూర్చోవలసింది మీ చెల్లెలు. నాభి దాకా వచ్చే పొడవు చాలు, గులాబీ రేకుల దండ అయితే మోపుగా కాకుండా చేతిలో పట్టుకుంటే తేలికగా అనిపించాలి. పూలజడకు మీ చెల్లెలి జడను తల నుంచి కొస దాకా దారంతో కొలిచి ఆ దారమే ఆయనకు ఇవ్వండి. జడ అల్లి కట్టే అమ్మాయికీ ఆయనకూ ముందే ఒకసారి మాట కలపండి, లేకపోతే ఆ వేళకు ఒకరి కొలత ఒకరికి కుదరదు.

డబ్బు విషయం పెద్దగా చెప్పవలసింది లేదు. మూడో వంతుకు మించి అడ్వాన్సు ఇవ్వకండి, పూలు దిగి మీరు చూసుకున్నాక మరో వంతు, ముహూర్తం అయ్యాక మిగతాది. తేదీ, వేళలు, పూల పేర్లు, కొలతలు, వచ్చే మనుషుల సంఖ్య, బదులు పూలు, మర్నాడు చెత్త ఎవరు ఎత్తాలి అన్నవి ఉన్న కాగితం మీద ఇద్దరూ సంతకాలు చేయండి. మగపెళ్ళివారు చెప్పిన డెకరేషన్ వాళ్ళను మార్చవలసి వస్తే, కారణంగా పెన్ననూ వాననూ చెప్పండి. అది నిజం, పైగా నెల్లూరు వారికి ఆ మాట విడమరచి చెప్పనక్కర్లేదు.

అమ్మగారి మాట చివరికి ఉంచాను గాని దాన్ని తీసెయ్యమని అనను. తండ్రి లేని ఇంట్లో కూతురి పెళ్ళికి తన చేత్తో ఏదైనా చేయాలని ఆ తల్లికి ఉంటుంది. దండలు, పూలజడ మాత్రం ఇంటివాళ్ళ మీద వేయకండి. పూలజడకు గంటల తరబడి కూర్చోవాలి, ఆ రాత్రి ఇంట్లో ఏ ఆడమనిషికీ అంత తీరిక ఉండదు, సగంలో ఆగితే మొగ్గలు విచ్చిపోతాయి. పెళ్ళికూతురిని చేసే రోజున తలలో పెట్టే మాల, గౌరీపూజకు మాల అమ్మగారి చేతి మీదుగా రానివ్వండి. వాటికి అర్ధశేరు విడిపూలు, రెండు కట్టల మరువం, నానబెట్టిన అరటినార ముందురోజు మధ్యాహ్నమే ఇంటికి పంపమని అంగడి ఆయనకు మీ కాగితంలోనే రాసి ఇవ్వండి. ఇరవై ఏళ్ళుగా ఆమెకు ఏ పువ్వు నచ్చుతుందో ఆయనకు తెలుసు.